అద్దె యూనిఫాం సిపాయి

అమ్మమ్మా,

మాకాన్ అయిందా? మధ్యాహ్నం ఒంటిగంటకి నా ఆఫీసుకి ఫోన్ చేసి నువ్వు అడిగే మొదటి మాట అదే కదా. తిన్నావా అని తెలుగులో అడగొచ్చుగా అంటే, ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, ఈ ఊరి మలయ్ మాటే వస్తుంది అనేదానివి. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. ఇప్పటికీ ఒంటిగంటకి ఫోన్ వైపు చూస్తాను.

నువ్వు నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. ఎక్కడైనా ఒత్తులు ఎగిరిపోతే తిట్టుకో. అమ్మ పోయాక నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాలుగు వాక్యాలు రాస్తే గానీ అన్నం పెట్టనని మొండికేసినదానివి. ఆ మొండితనమే నాకు అంటుకుంది. ఈ ఏడాదంతా దానితోనే నెట్టుకొచ్చాను.

ముందు నీకు కావలసిన సంగతి చెప్పేస్తాను. మీ నాన్న ఫోటో గోడ మీదే ఉంది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని నువ్వడిగింది అదొక్కటే. "నాను పోయాక మా నాన్నని గోడ దింపకండే గుంటా" అన్నావు. దింపలేదు. దింపనివ్వలేదు కూడా... ఆ రెండో మాటలోనే ఉంది కథంతా.

నీ పెద్దకర్మ నాడే మొదలైంది. నీ కొడుకు, మా మావయ్య, నీ ఫోటోకి పెద్ద ఫ్రేము కట్టించి తెచ్చాడు. హాల్లో మంచి చోటు మీ నాన్న ఫోటో ఉన్నదే కదా, అది తీసి ఆ మేకుకే నిన్ను తగిలిద్దామన్నాడు. మరి ముత్తాతనేం చేస్తావు మావయ్యా అంటే, షెల్టర్‌లో పెట్టేయ్ అన్నాడు. పుంగ్గోల్ ఫ్లాట్లలో బాంబు షెల్టర్ అంటే పేరుకే, అది సామాన్ల గదని నీకు తెలుసుగా. బియ్యం బస్తా, పాత ఫ్యాన్లు, చీపుళ్ళు. ఆ సామాన్ల మధ్య మీ నాన్న! నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ ఎక్కినవాణ్ణి కుర్చీతో సహా వెనక్కి లాగాను. వచ్చిన చుట్టాలందరూ చూశారు, చూడనీ.

అప్పుడు మావయ్య జేబులోంచి ఫోన్ తీశాడు. మన తెలుగువాళ్ళ పాత కుటుంబాల ఫోటోలు సేకరించి కమ్యూనిటీ క్లబ్బులో ప్రదర్శన పెడుతున్నాడు కదా, ఆ సేకరణలో ఇంకెవరిదో ఫోటో దొరికిందట. ఖాకీ యూనిఫాం, పక్కకి వంచిన టోపీ, వెనకాల తెర మీద గీసిన కొండలు, కొబ్బరిచెట్లు. అచ్చం ముత్తాత ఫోటోనే, మొహం మాత్రం వేరు. ఆ మనిషి హోటల్లో వంటవాడట. తుపాకీ ఎలా పట్టుకోవాలో కూడా తెలియదని అతని మనవడే చెప్పాడట.

ముత్తాత చొక్కాకి మూడో బొత్తాం మిగతావాటికన్నా పెద్దది. ఆ ఫోటోలోనూ పెద్దదే. ఎడమ జేబు మూత చిరిగి ఉంది. అక్కడా చిరిగే ఉంది. ఇది జస్ట్ స్టూడియో కాస్ట్యూమ్, అందరూ వేసుకుని దిగేవాళ్ళు, మా అమ్మని బాధపెట్టడం ఎందుకని ఇన్నాళ్ళూ ఊరుకున్నా అన్నాడు మావయ్య. ఎక్కడ ఊరుకున్నాడు? ప్రతి దీపావళికీ ఆ ఫోటో కింద కూర్చునే కదా నిన్ను ఏడిపించేవాడు! డ్రామా డ్రెస్సు అని. నువ్వు మురుకులు వత్తుతూ తల కూడా ఎత్తేదానివి కాదు. "బొత్తాలు కాదురా, మడిసిని సూడు" అనేదానివి.

కానీ ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పొద్దూ... ఒక్క క్షణం నిన్ను కూడా అనుమానించాను. మీ నాన్న పగలు రేవులో వడ్రంగి పని చేసుకుంటూ, సాయంత్రాలు వాలంటీర్ పటాలంలో డ్రిల్లు చేశాడని నువ్వు చెప్పినవన్నీ చంటిపిల్లని నిద్రపుచ్చడానికి చెప్పిన కథలేనా అనుకున్నాను. నన్ను క్షమించావా?

మర్నాటికి కోపం వచ్చింది. మావయ్య మీద, నా మీద. నిజమో కాదో నేనే తేల్చుకుంటానని బయల్దేరాను.

మొదట ఎక్కడికి వెళ్ళానో చెబితే నవ్వుతావు. క్రాంజీ వెళ్ళాను. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడలున్నాయి కదా, అక్కడికి. ఎర్రటి ఎండలో రెండు గంటలు తిరిగాను. హారికని కూడా ఈడ్చుకెళ్ళాను. నీ ముద్దుల మునిమనవరాలు గొడుగు పట్టుకుని చాలాసేపు ఓపిక పట్టి, చివరికి, మమ్మీ, హీ డింట్ డై లా, తాత ఇంటికి వచ్చేశాడు కదా, వై లుకింగ్ హియర్ అంది. అలమాక్! బతికొచ్చినవాణ్ణి చచ్చిపోయినవాళ్ళ గోడ మీద వెతుకుతున్నాను. మీ నాన్న మంచం మీదే పోయాడని, నీ చేత్తోనే నీళ్ళు పోశావని ఎన్నిసార్లు చెప్పావు! సిపాయి అనగానే నాకూ గోడలే గుర్తొచ్చాయి. బస్సు వచ్చేదాకా ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

అక్కణ్ణించి దారి మార్చాను. పాత కాగితాలు దాచే ఆర్కైవ్స్‌కి శనివారం శనివారం వెళ్ళాను. అక్కడొక ముసలాయన, చైనీస్ అంకుల్, ఆయనా తన పెదనాన్న కోసం వెతుక్కుంటున్నాడు. ఆయనే దారి చూపించాడు. ఆ రోజుల్లో పటాలం ఆర్డర్లు వారం వారం పేపర్లో వేసేవాళ్ళట. ఏ సాయంత్రం డ్రిల్లు, ఎవరు ఎక్కడికి మారారు, ఎవరికి సెలవు... అన్నీ. గోడలు కాదు, సెలవులు చూడు అన్నాడు. చచ్చినవాళ్ళకి ఒకసారే పేరు పడుతుంది, బతికున్నవాళ్ళకి పదిసార్లు పడుతుంది అన్నాడు ఆ మహానుభావుడు.

ఎన్ని శనివారాలో లెక్క పెట్టలేదు. అక్షరాలు చీమల్లా ఉండేవి, కళ్ళు గుంజేవి. ఇంట్లో వంట లేదు, హారిక హాకర్ సెంటర్ నూడుల్స్‌తోనే గడిపేసింది. ఒకరోజు మధ్యాహ్నం, సరిగ్గా నీ ఫోన్ వచ్చే వేళకి, కనబడింది.

ప్రైవేట్ అప్పలస్వామి. పద్నాలుగు రోజుల సెలవు మంజూరు.

అంతే, మీ నాన్న పేరు, మామూలు సిపాయి హోదా, ఒక్క వరుస. పతకమూ లేదు, పొగడ్తా లేదు. ఇంటికొచ్చి నీ ఇనప్పెట్టె తీసి నీ బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూశాను. అమ్మమ్మా... ఆ సెలవు మొదలైన మర్నాడు నువ్వు పుట్టావు!

"నాను పుట్టినప్పుడు మా నాన్న తుపాకీ అక్కడెట్టేసి నన్ను సూడ్డానికొచ్చీసినాడు" అని ఎన్నిసార్లు చెప్పావు. మేమందరం నవ్వేవాళ్ళం. సిపాయిలని అలా వదులుతారా అమ్మమ్మా అని నేనే వెక్కిరించాను. వదిలారు. కాగితం మీద రాసి మరీ వదిలారు. నేల మీద చతికిలబడి ఏడ్చాను. హారిక పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదే, ఒకాయన దొరికాడని చెప్పాను.

మావయ్యకి పంపించాను. ఆ పేరుతో ఇంకెవరైనా ఉండొచ్చుగా అని జవాబిచ్చాడు. సిపాయే అయితే సొంత యూనిఫాం ఉండగా అద్దెది ఎందుకు తొడుక్కుంటాడు అని కింద ఇంకో ముక్క. కోపంతో ఫోన్ సోఫాలోకి విసిరేశాను కానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకు తొడుక్కున్నాడు? ఇంట్లో ఉన్నది ఏమైంది?

ఫోటో స్కాన్ చేయిద్దామని మేకు మీద నుంచి దించాను. తిట్టకు, పది నిమిషాలకే. వెనక అట్ట బూజు పట్టి ఉంటే మేకులు ఊడదీశాను. అప్పుడు కనబడింది మడత. ఫోటో ఫ్రేము కంటే వెడల్పు. ఫ్రేము కట్టినవాడు ఎడమవైపు నాలుగు వేళ్ళంత భాగం వెనక్కి మడిచేశాడు. మెల్లగా విప్పాను...

మీ నాన్న బెల్టు పక్కన తెల్లటి మచ్చ ఉండేది చూడు, తేమకి పాడైందనుకునేవాళ్ళం. అది మచ్చ కాదు. వేళ్ళు. నీ వేళ్ళు! మడతలో నువ్వున్నావు. ఆరేళ్ళ పిల్లవి, బుట్ట చేతుల గౌను, ముందు పళ్ళు రెండూ లేవు, కెమెరా వాడి మీద యుద్ధానికి వెళ్ళేలా ఉంది ఆ చూపు. మీ నాన్న బెల్టు గట్టిగా పట్టుకుని నిలబడ్డావు.

నీకు ఆరేళ్ళంటే అప్పటికి యుద్ధం అయిపోయింది. జపానువాళ్ళు వచ్చారు, వెళ్ళారు కూడా. మరి ఆయన ఇంటి యూనిఫాం ఎక్కడుంటుంది? అదీ నువ్వు చెప్పిందే. "మా యమ్మ ఆ బట్టలు పొయ్యిలో ఎట్టీసి, ఆ మంట మీదే కర్రపెండలం ఉడకేసింది. బొత్తాలు కాలవలో పారీసింది." జపానువాళ్ళు ఇల్లిల్లూ సోదా చేస్తారని, ఆ బట్టలు దొరికితే మనిషిని తీసుకుపోతారని. అదీ కథేననుకున్నాం మేము! కాలకుండా మిగిలుంటే కదా ఆయన తొడుక్కునేది.

అంటే నీకు తెలుసు. అద్దెదని మొదట్నించీ తెలుసు, పక్కనే నిలబడ్డావు కాబట్టి. మరి మావయ్య అన్నేళ్ళు ఎగతాళి చేస్తుంటే ఒక్కసారి ఆ ఫ్రేము విప్పి చూపించలేదేం? మీ నాన్నకి మాట ఇచ్చావా? ఆ రోజు స్టూడియోకి వెళ్ళేటప్పుడు ఆయన నీతో ఏమన్నాడు? ఊరందరికీ చూపించుకోవడానికి ఒక్క గుడ్డముక్క కూడా మిగలని మనిషి, కూతురొక్కతైనా నన్నిలా చూడాలనుకున్నాడా? చెప్పవు కదా ఇంక...

పోయిన ఆదివారం మావయ్య వచ్చాడు. కాగితాలు, సర్టిఫికెట్టు, విప్పిన ఫోటో బల్ల మీద పరిచాను. ముందు కాగితాలు చూశాడు. తర్వాత నిన్ను చూశాడు. అమ్మ కదూ అన్నాడు. అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు మా తాత సిపాయని స్కూల్లో గొప్పలు చెప్పుకుంటే, ఇంటికొచ్చి ఫోటో చూసినవాడెవడో ఆ బొత్తాం సంగతి చెప్పి, అది డ్రామా డ్రెస్సని క్లాసంతా నవ్వేలా చేశాడట. ఆ రోజు నుంచీ నీ మీద కోపమట. నాకు జాలేసింది, అబద్ధమెందుకు! కాఫీ కలిపి ఇచ్చాను.

కాఫీ అయ్యాక అసలు సంగతి బయటపడింది. ప్రదర్శనలో మధ్య గోడ మనకే ఇస్తాడట. వాలంటీర్ పటాలం సిపాయి అప్పలస్వామి అని పెద్దక్షరాల్లో రాయిస్తాడట. కానీ అద్దె మాట వద్దన్నాడు. పిల్ల కనబడితే జనం వయసు లెక్కేసి యుద్ధం తర్వాతి ఫోటో అని పట్టేస్తారు, మళ్ళీ నవ్వుతారు, అందుకని ఆ పక్క ఎప్పట్లాగే మడిచేద్దాం, నీట్‌గా ఉంటుంది అన్నాడు. మొన్నటిదాకా సిపాయే కాదన్న పెద్దమనిషి!

నేను లేచి నిలబడ్డాను. మావయ్యా, నవ్వేవాళ్ళని నవ్వనీ అన్నాను. ఆ బట్టలు అద్దెవని నేనే రాస్తాను, సొంతవి ఎందుకు లేవో కూడా రాస్తాను. మా ముత్తవ్వ వాటిని కాల్చి మొగుణ్ణి దక్కించుకుందని రాస్తాను. సిగ్గుపడాల్సింది ఏముంది ఇందులో? అలా రాయనివ్వకపోతే నీ మధ్య గోడ నాకక్కర్లేదు, నాకు ఇంట్లో గోడ ఉంది అన్నాను. అమ్మలాగే తయారయ్యావు అని విసుక్కుంటూ లిఫ్ట్ ఎక్కాడు. ప్రదర్శనలో మనం ఉంటామో లేదో ఇంకా తెలియదు. ఉండకపోతే పోనీ.

కొత్త ఫ్రేము టెక్కా బజారులో కట్టించాను. అంత వెడల్పు ఫ్రేముకి ఆ ఒక్క మేకు ఆగదన్నాడు షాపు అంకుల్. రెండో మేకు కొట్టాను. మావయ్య తెచ్చిన నీ ముసలి ఫోటో ఉంది, నవ్వుతూ బాగుంది, నా గదిలో పెట్టుకున్నాను. వచ్చే నెల నీ సంవత్సరీకం మన హాల్లోనే. పిండం పెట్టేది నీ కొడుకే కాబట్టి ఆయన ఈ గోడకి ఎదురుగానే కూర్చోవాలి. ఆ ఒక్కరోజుకి తీసెయ్యమని కబురు పంపాడు. తియ్యను.

దండ కూడా ఆ ఫోటోకే వేస్తాను అమ్మమ్మా, పళ్ళులేని నీ వైపుకి. నేనుండగా నిన్ను మళ్ళీ ఎవడూ మడవడు. నువ్వు ఆ బెల్టు వదలకు.

ఇట్లు,
నీ మొండిఘటం