బండ మీద బిరుదు

12 జూన్ 2005, ఆదివారం. నందికొట్కూరు

ఈరోజు నాన్న సంవత్సరీకం. చేన్లో ఆయన సమాధికి రాయి నిలబెట్టారు. చిన్నాయన దాని మీద చెక్కించిన మొదటి మాటే 'రావుబహద్దూర్'.

అది తెల్లదొరలు మా ముత్తాతకిచ్చిన బిరుదు. వంశమంతా దాన్ని పేరు ముందు తగిలించుకుంటూనే వచ్చింది. నాన్న మాత్రం, పెళ్లికార్డుల్లో తన పేరు ముందు అది కనబడితే పెన్నుతో కొట్టేసేవాడు. "కరువులో జనాలు సస్తాంటే, వాళ్ల దగ్గరే శిస్తు వసూలు చేసి దొరకు కట్టినందుకు ఇచ్చినారది. నాకెందుకప్పా?" అనేవాడు.

రాయి చూసి, "నాన్నకిది ఇష్టం లేదు కదా చిన్నాయనా" అన్నాను.

"అది లేకుంటే మనం యా ఇంటోళ్లమో ఎట్ల తెలుస్తాది? నువ్వు గమ్మునుండు" అన్నాడు.

బంధువుల ముందు గొడవెందుకని ఊరుకున్నాను. గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది.

అమ్మ పూజకు తీసిన గంధం గిన్నె అందుకుని, ఆ ఒక్క మాట కనబడకుండా మందంగా పూసేసింది. కింద నాన్న పేరొక్కటే మిగిలింది.

ఇప్పుడు బయట మెరుస్తోంది. విత్తనం వేయడానికి నెలనుంచీ వాన కోసం ఎదురుచూస్తున్నాం. ఈ ఒక్క రాత్రికి మాత్రం రాకుంటే బాగుండుననిపిస్తోంది.