ఎనిమిదో తరగతి సిపాయి

రేపల్లె

గౌరవనీయులైన జ్ఞానానందం మాస్టారికి, మీ బడిలో చదివిన శివకృష్ణ నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తరని ఉత్తరం రాస్తున్నానండి. పోయిన నెల నాన్న వెళ్లిన బోటు తిరగబడింది. ఆయన బతికాడు గాని, అమ్మ నన్నిక సముద్రం మీదికి పంపనంటోంది. పది చదవకపోయినా మిలటరీలో చేరదామని రాత పరీక్ష రాశాను, పాసయ్యాను. పై నెల బాపట్లలో పరుగు. మీ బడి మూసేశాక రిజిస్టర్లు తెనాలిలో మీ ఇంట్లోనే ఉన్నాయట. నాకొక సర్టిఫికెట్ ఇప్పించండి.

మీ విద్యార్థి
శివకృష్ణ

తా.క. నాన్న మీకు నమస్కారం చెప్పలేదు. ఈ ఉత్తరం సంగతి ఆయనకు తెలియదు.


తెనాలి

చిరంజీవి శివకృష్ణకు ఆశీస్సులు.

పది గడప తొక్కనివాడికి పది పాసయ్యాడని రాసివ్వాలి. అంతేగా నువ్వడిగేది? మీ నాన్న సింగయ్య నా గదిలో నిలబడి, "చదివి ఎవడు బాగుపడ్డాడు మాస్టారూ, మీరు బాగుపడ్డారా?" అని నిన్ను బోటెక్కించాడు. నీ వెనకే మీ వాడలో పదకొండు మంది మానేశారు. బడి మూతపడింది. నేను చదివిన చరిత్రల్లో రాజ్యాలు పోయింది శత్రువుల వల్ల తక్కువ, ఇలాంటి సిఫార్సుల వల్ల ఎక్కువ. ఇవ్వను.

ఇట్లు
జ్ఞానానందం

తా.క. కవరు మీద హెడ్మాస్టర్ అని రాశావు. బడి లేనివాణ్ని అలా పిలవడం ఎవరు నేర్పారు?


రేపల్లె

మాస్టారికి నమస్కారాలు.

పదో తరగతిది కాదండి, ఎనిమిదోదే. నేను పెట్టింది మెస్సు పనికి. వడ్డించడం, పళ్లేలు తీయడం. దానికి ఎనిమిది చాలు. బోటులో ఏడుగురికి నేనే వండేవాణ్ని. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు రాయండి, అంతకంటే వద్దు. వయసు లెక్కన నాకు ఇదే ఆఖరిసారండి.

మీ
శివకృష్ణ

తా.క. కవరు మీద ఈసారి పేరు, ఊరు తప్ప ఏమీ రాయలేదు. పోస్ట్‌మ్యాన్‌కి ఇల్లు తెలుసనుకుంటున్నాను.


తెనాలి

చిరంజీవి శివకృష్ణకు,

ఎంగిలి పళ్లేలు తీయడానికని ముందే చెబితే ఇంత సిరా ఖర్చయ్యేది కాదు. సింగయ్య కొడుకు ఆ పని చేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. సంతోషమే. ఒక పూటంతా కూర్చుని, రిజిస్టర్లో ఉన్న ప్రతి అక్షరమూ ఎత్తి రాశాను. సంతకం, ముద్ర వేశాను.

ఇట్లు
జ్ఞానానందం

తా.క. లెక్కల్లో నీకు నూటికి పద్దెనిమిది. నువ్వు అడగలేదు, అయినా రాశాను.


రేపల్లె

మాస్టారికి నమస్కారాలు.

బాపట్ల వెళ్లొచ్చానండి. పరుగులో మా గుంపులో రెండోవాణ్ని. ఎత్తు, ఛాతీ సరిపోయాయి. కాగితాల బల్ల దగ్గర ఆపేశారు. ఆధార్‌లో అమ్మ చెప్పిన పుట్టినరోజుంది. మీ సర్టిఫికెట్లో దానికి రెండేళ్ల ముందుది, జూన్ ఒకటి. ఆ లెక్కన నాకు వయసు దాటిపోయిందన్నారు.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ అప్పుడు చెప్పింది. ఒకటో తరగతిలో పిల్లలు చాలడం లేదని మీరే మా వాడకొచ్చారట. "మూడేళ్లే కదండి" అని అమ్మ అంటే, "ఐదని రాస్తాలే గంగరత్నం, బడిలో కూర్చుంటే చాలు" అని నన్ను ఎత్తుకెళ్లారట. ఆ ఏడు మా వాడలో ఆరుగురికి జూన్ ఒకటే పుట్టినరోజట. వాళ్లందరిలో చిన్నవాణ్ని నేనే.

ఎవర్నీ ఏమీ అనడం లేదండి. ఎల్లుండి బోటెక్కుతున్నాను.

మీ విద్యార్థి
శివకృష్ణ

తా.క. కాగితాలు చూసిన ఆఫీసరు గారు మీ సర్టిఫికెట్‌ని చాలాసేపు పట్టుకుని చూశారు. ఇంత చక్కటి చేతిరాత ఎక్కడా చూడలేదని, మీకు తప్పకుండా చెప్పమన్నారు.