పొటాష్ తగ్గిన చేను

తణుకు, సోమవారం రాత్రి

ఈయన ఇప్పుడే నిద్రపోయారు. ఆసుపత్రి మంచం మీద కాళ్లు తనే ముడుచుకున్నారు. అది చూశాకే పెన్ను పట్టుకోగలిగాను.

పొద్దున్న లేవబోతే ఈయనకి నడుం కింద కదలికే లేదు. "ఏమే, కాళ్లు రావట్లేదే" అన్నారు. అత్తయ్యగారు పక్షవాతమనుకుని, కాళ్లకి రాయడానికి పావురం రక్తం తెమ్మని మనిషిని పంపబోయారు. నేను వినకుండా కారు పిలిపించాను.

రక్తపరీక్ష చూసి డాక్టరుగారు, "పక్షవాతం కాదమ్మా, పొటాషియం బాగా పడిపోయింది. రాత్రి స్వీట్లేమైనా ఎక్కువ తిన్నారా?" అన్నారు. నిన్న పెళ్లిలో మా తమ్ముడితో పంతం వేసి పదకొండు కాజాలు తిన్న మనిషి తల దించుకున్నారు. అలా తింటే కొందరికి రక్తంలోని పొటాషియం ఒక్కసారిగా కండరాల్లోకి వెళ్లిపోతుందట.

"అంటే పొటాష్ తగ్గి చేను పడిపోయినట్టేనాండి?" అన్నారు ఈయన. డాక్టరుగారికి నవ్వాగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సిరప్పు తాగాక సాయంత్రానికి కాళ్లు కదిలాయి. థైరాయిడ్ వల్ల కూడా ఇలా రావచ్చట. ఆ రిపోర్టు ఎల్లుండి. మళ్లీ వస్తేనో...

క్యారేజీ తెచ్చిన అత్తయ్యగారు నా చెవిలో, "దాళ్వా వరికి తెచ్చిన పొటాష్ బస్తా కొట్టుగదిలోనే ఉంది కదమ్మా. మజ్జిగలో చిటికెడు కలిపిస్తే?" అన్నారు. ఎరువు మనుషులకి కాదండీ అని చెప్పి, ఆవిడ కొంగున ఉన్న కొట్టుగది తాళంచెవి అడిగి తీసుకున్నాను.

ఇప్పుడది నా సూత్రాలకే, పిన్నీసుతో వేలాడుతోంది.