తూర్పు వరుస, మూడవ స్తంభము

తరావాలోని ద్వీప సభాభవనముల అధికారి గారి సముఖమునకు
(రేడియోలో చదివి వినిపించబడును, మూలప్రతి పడవలో వచ్చును)

అయ్యా,

విషయం: మా ఊరి కొత్త మనేయబ (సభాభవనము) నమూనాలో బ్యాటరీ గది చోటును, రేపు గురువారం సిమెంటు పోయుటకు ముందే, మార్చుటకు అనుమతి కోరుట.

ముందుగా, జరిగినది జరిగిన వరుసలో:

1. ఫిబ్రవరి పెద్ద పోటుకు ఊరంతా కూర్చొను పాత మనేయబ స్తంభములు ఒరిగినవి. దాని స్థానములో, ఏడాది మొత్తము మీద తాను వాడినంత విద్యుత్తును తానే చేసుకొని, డీజిల్ చుక్క అడగని భవనమునకు నేను నమూనా గీసినాను. నా చదువు ఆరవ తరగతి. మిగిలినది పుస్తకములు చూసి నేర్చినది. గోడలు లేవు, కనుక ఫ్యాన్లు అక్కరలేదు. మొగలాకు కప్పుకు జానెడు ఎడముగా సోలార్ పలకలు. ఎనిమిది దీపములు, టీకాల ఫ్రిజ్, మంచినీటి పంపు. తమరు ముద్ర వేసినారు.

2. బ్యాటరీలకు నీడ, గాలి, మెరక నేల కావలెను. మూడునూ నిండుగా ఉన్నది తూర్పు వరుస మూడవ స్తంభము వద్దనే. అక్కడ తొమ్మిదేళ్లుగా ఎవరూ కూర్చోలేదు. ఏ వంశము ఏ స్తంభము వద్ద కూర్చొనునో తెలుపు కుటుంబ స్థానముల పట్టికలో దాని ఎదుట "ఖాళీ" అని రాసినది నేనే.

3. శనివారం పడవలో నేయి కయెరావ్ అను వృద్ధురాలు దిగినది. వయసు డెబ్బై ఎనిమిది. తొమ్మిదేళ్లు వేరే దీవిలో మంచాన పడిన చెల్లెలికి సేవ చేసి, ఆమెను మట్టిచేసి వచ్చినది. ఆ చోటు ఆమె వంశముది. ఆ వంశములో మిగిలినది ఆమె ఒక్కతే.

4. సోమవారం, పునాది తాళ్లు కట్టిన నేలపై, ఆచారము ప్రకారము ఇరవై మూడు కుటుంబములు ఎవరి చోట వారు కూర్చొనుటకు వచ్చినవి. అప్పటి మాటలు నా నోటు పుస్తకములో ఉన్నవి; ఒక్కటీ మార్చలేదు.

"నాయనా బ్వేరే, నా చోట్లో ఈ సున్నపు గీతేంటి?"

"అక్కడ బ్యాటరీలుంటాయి, అవ్వా."

"వాటిది ఏ వంశం?"

"వాటికి వంశం ఉండదవ్వా."

"మరి చోటెలా వచ్చింది?"

వెనుక ఎవరో, "ఇకనుంచి విందులో వాటిక్కూడా చేప వాటా పెట్టాలి కాబోలు!" అని నవ్వినారు. పెద్దవాడైన తెబానో తాత నవ్వలేదు. "ఏమోయ్ కొలతల దొరా, పడవ వేటకెళ్తే రేవులో దాని చోటు ఖాళీ అని రాసేస్తావా?" అన్నాడు.

నా చోటుకు రమ్మని ఆమెను బతిమాలినాను. "ఇంకోళ్ల చోట కూర్చుంటే నేనెవర్తినవుతాన్రా?" అని తాళ్లకు బయట, ఎండలో కూర్చున్నది. పెద్దలందరూ లేచి పోయి ఆమె వెనుక కూర్చున్నారు. నేటికి మూడవ రోజు. ఆమె లోపల కూర్చొననిదే ఒక్క స్తంభమును లేవనివ్వరు.

5. తమ ఉత్తర్వు ప్రకారము నమూనాలో ఒక్క గీత కదిలినను పని ఆపి మరల దరఖాస్తు చేయవలెను. గడువు ఆరు నెలలు. సిమెంటు కలుపు యంత్రము శుక్రవారం పడవలో పోవును, కనుక దానితో వచ్చిన పనివారు రేపు ముద్ర పడిన గీతల ప్రకారమే పోయుదురు. మరల ఎప్పుడు వచ్చునో పడవ కెప్టెనుకే తెలియదు.

నేను పరిశీలించిన మార్గములు:

(అ) బయట గుడిసె: ఉప్పు జల్లు, పోటు నీరు. కొట్టివేసినాను.
(ఆ) అటక: వేడి, బరువు. కొట్టివేసినాను.
(ఇ) నడిమధ్య: నాట్యము చేయు చోటు. అడుగుటకే నోరు రాలేదు.
(ఈ) మూడవ స్తంభమునకు ఉత్తరముగా, బారన్నర దూరములోని చోటు: నేల, గాలి చాలును. నీడ కొంచెము తక్కువ. చూరు మూరెడు పొడిగించిన సరిపోవును.

(ఈ)ని కొట్టివేయలేదు. అది మాది.

అది వదులుకొన్నచో నేను, నా అన్న, మా పదకొండుగురు పిల్లలు ఇకపై సొంత ఊరిలో అతిథుల వరుసలో కూర్చొందుము. అతిథులు వినవచ్చును, అడిగినప్పుడే మాట్లాడవలెను. "నీ తప్పుకి నా పిల్లలు అతిథులా?" అని అన్న అడిగినాడు. అయినను నిన్న సమ్మతి పత్రముపై వేలిముద్ర వేసినాడు.

అయ్యా, నేను ఒక్క పట్టికలో ఒక్క మాట తప్పు రాసినాను. ఆ తప్పుపై సిమెంటు పోయించవద్దు. రేడియోలో "సరే" అన్న ఒక్క పలుకు చాలును. అది రానిచో రేపు ఆ గీతల నడుమ నేనే పడుకొందును. పోయువారు నా మీదనే పోయవలెను. ఇది బెదిరింపు కాదు, రేపటి కార్యక్రమ వివరము.

ఇది రాయుచుండగా వాన మొదలైనది. ఆమెకు చాప కప్పబోతిని. "ముందు ఆ గీత చెరుపు. తర్వాత చాప," అన్నది. చెరుపుటకు నాకు అధికారము లేదు. ఆమె వణుకుచున్నది. తమరు ఇది చిత్తగించి బదులు పలుకువరకు రేడియో ముందు నుండి లేవను.

తమ విధేయుడు,
బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషములు.
బ్వేరే తెకినైతి