లేచి నడువుమన్నాను

2007, శనివారం రాత్రి, తాడేపల్లిగూడెం

నడవలేని మనిషిని నలుగురిలో "లేచి నడువు" అని గద్దించడానికి నువ్వెవడివి?

వెన్నుపూస దెబ్బల మీద పరిశోధనకు చందాల కోసం గుండుగొలను నుంచి పరుగెత్తుకొచ్చాను. పాస్టరుగా ప్రసంగాలే తప్ప ఇంత దూరం పరుగెత్తడం ఇదే మొదలు. కాళ్లు పట్టేసి ఇద్దరి భుజాల మీద వేలాడుతున్నాను. అయినా చప్పట్లు వినేసరికి ఒళ్లు తెలియలేదు. మిల్లులో బస్తాలు మీదపడి నడుము విరిగిన ఏసుబాబును చక్రాల కుర్చీలోంచి లేవమన్నాను. నన్ను నమ్మి లేవబోయి, అందరి ముందూ నేల మీద పడ్డాడు.

"విశ్వాసం చాల్లేదండీ," అన్నారెవరో. నేను కాదనలేదు.

"డాక్టర్ల కోసం పరుగెత్తారనుకున్నానండీ, అయ్యగారూ," అన్నాడు ఏసుబాబు, మట్టి దులుపుకుంటూ.

బైబిల్లో కుంటివాడితో పేతురు కరుణతో అన్న మాటను నేను గర్వంతో అన్నాను.

ఇంకా బైబిలు తిరగేస్తావేం? ఏసుబాబు ఇంట్లో దీపం ఇంకా ఆరలేదు. లోపం అతని విశ్వాసంలో లేదని వీధంతా వినేలా చెప్పాలి. కుంటుతూనైనా సరే, ఇప్పుడే లేచి నడువు.