ఎర్ర డబ్బాలో ఆయిల్ కలిపేశాను

రఘూ,

గరాజ్‌లో ఎర్ర డబ్బా పెట్రోల్‌లో ఆయిల్ నేనే కలిపేశాను, నువ్వు మళ్ళీ పొయ్యకు. గ్యాలన్‌కి ఔన్సు అని నువ్వు గోడ మీద రాసుకున్న లెక్కే. ఔన్సుకి మూడు మూతల చొప్పున, ఐదు గ్యాలన్లకి మీ అమ్మ దగ్గుమందు మూతతో పదిహేను మూతలు పోశాను. మూత కడిగి పెట్టాను, ఆవిడకి చెప్పకు.

నిన్న నువ్వు డబ్బాలో ఒట్టి పెట్రోల్ పోసి వదిలేశావు. నువ్వు గరాజ్‌లో కడుతున్న విమానం ఇంజన్‌కి, రోటర్ మీద ఆయిల్ చిమ్మే పంప్ పీకేసి ఆ కంతకి పలక బిగించావు కదా, ఇక లోపల తిరిగే రోటర్‌కి జిడ్డు ఎక్కడినుంచి వస్తుంది? పొడిగా తిప్పితే దాని అంచుల సీళ్ళు గీసుకుపోయేవి.

"పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపేయమన్నాడు నాన్నా, డేవ్ బుర్రే బుర్ర" అని పక్కింటాయన్ని చూసి మురిసిపోయావు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నీ ఏడో ఏట బంకులో మన లూనాకి ఆయిల్ పోయించి, బాగా కలవాలని నీచేత బండి పట్టించి ఊపించింది ఎవర్రా? నేను చెప్తే చాదస్తం, ఆయన చెప్తే బుర్ర. ఇప్పుడు ఆయన కాఫీ కప్పు నీ టూల్‌బాక్స్ మీద ఉంటోంది, నా కుర్చీ వాషింగ్ మెషీన్ పక్కకి పోయింది.

కోడలు హారన్ కొడుతోంది. గుడికెళ్ళి పన్నెండింటికల్లా వచ్చేస్తాం. ఉప్మా మూతపెట్టి ఉంది, తిను.

నాన్న

మరిచాను. నేనొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. డేవ్‌ని కూడా రమ్మను, చూడనీ. డబ్బా మాత్రం నువ్వూ నేనే ఊపాలి.