నీలం బెండకాయ

తమ్ముడూ,

నువ్వు కొత్తది కొనుక్కుని మాకిచ్చేసిన కలర్ ప్రింటర్ ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది, కాస్త మొండిది. కొన్నాళ్లు వాడకపోతే ఇంకు ఎండిపోయి బొమ్మ నిండా తెల్లచారలు వస్తాయి. అందుకని దానికి రోజూ ఏదో ఒక పని చెబుతున్నాను.

పక్షవాతం వచ్చాక మీ బావకి మాట పడిపోయింది కదా. బొమ్మలు చూపించి పేర్లు పలికించమన్నారు డాక్టరుగారు. గ్లాసు, కుర్చీ, కళ్లజోడు, ఇలా ప్రింటు తీసి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన తల ఊపేవారే గాని పెదవి విప్పేవారు కాదు. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని, నవ్వుమొహం పెట్టుకుని మళ్లీ వచ్చేదాన్ని.

మొన్న బెండకాయ బొమ్మ తీశాను. పసుపు ఇంకు అయిపోయిన సంగతి నాకు తెలియదు. పసుపు కలవకపోతే ఆకుపచ్చ ఎక్కడినుంచి వస్తుంది? బెండకాయ నీలంగా దిగింది. సరేలే అని అదే చూపించాను. ఇన్నేళ్లూ కూరగాయలు స్వయంగా ఏరి తెచ్చిన మనిషి కదా, కాగితం వంక చూశారు, నా వంక చూశారు. నేను ముదురుకాయలు తెచ్చిన రోజు పెట్టే మొహమే పెట్టి, “ఇ... ఇదేం బెండకాయే!” అన్నారు.

నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయనా నవ్వారు. నిన్న నీలం పచ్చిమిరపకాయ చూపిస్తే, “నీ మొహం” అన్నారు, ఏమాత్రం తడబడకుండా.

ఇది చదవగానే పసుపు ఇంకు కొని పంపుతావని తెలుసు. తొందరపడకు. ఆయన తిట్టాల్సిన కూరగాయలు ఇంకా చాలా ఉన్నాయి.

మీ అక్క